తొమ్మిది గుల్ల బిళ్లలు

జనగామ,
14 జూలై 2011

బాలనర్సయ్య కాకాకు అఫ్జల్ సలాం.

మూడు రోజులుగా ముసురు వదలడం లేదు. ఇసుక తడిసి ముద్దయింది. సిమెంటు బస్తాల మీద కప్పిన పట్టా కిందికి కూడా నీళ్ళు దూరాయి. ఇవాళ పొద్దున వరండాలో పాత గచ్చు పగలగొట్టాను. మధ్యాహ్నం లోపలి పెద్దగది కొలతలు తీసుకున్నాను.

పని ఇక్కడి పాత పత్తి మిల్లులో. మిల్లు మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. సేటు మనవడు ఆఫీసు గదిని బాగుచేసి మోటారు సైకిళ్ళ షోరూం పెడతాడట. గదిలో ఇన్నాళ్ళూ ఖాళీ గోనె సంచులు కుక్కి తాళం వేసి ఉంచారు. సంచులు తీస్తే కింద ప్లాస్టిక్ బిళ్లలు బయటపడ్డాయి. ముదురు ఆకుపచ్చవి, తొమ్మిదంగుళాలవి. ఇప్పుడు వినైల్ టైల్స్ అంటున్నారు. గేటు పక్క రేకుల పాకలో చిలుకమ్మ అనే పెద్దామె కాపలా ఉంటుంది. ఆమె నన్ను చూసి, “నువ్వు హైదర్ కొడుకువా? గీ బిళ్లలు మీ నాయిన, బాలనర్సు ఏసిన్రు. అరవై తొమ్మిదిల” అంది. మీరూ అబ్బా కలిసి చేసిన పని మీద నేను పని చేస్తానని అనుకోలేదు.

మీకు ఫోనులో వినపడదు. మీ కూతురు ప్రియ ఫోను ఎత్తి, నా ప్రతి మాటా మీ చెవి దగ్గర అరవాలి. అందుకే రాస్తున్నాను. ఈ బిళ్లలు ఎలా తీయాలి? కింద నల్ల జిగురు రాయిలా ఉంది. సేటు మనవడు “పీకి పారెయ్ మేస్త్రీ, దసరాకు నాకు షట్టర్ లేవాలె” అంటున్నాడు.

ఇంకొకటి. సుత్తె కామతో అన్నిటినీ తట్టి చూశాను. ఏ బిళ్ల గుల్లగా మోగితే దాని మీద సుద్దతో గుర్తు పెట్టాను. నలభై ఏళ్ళ నేలలో గుల్లలు అక్కడొకటి ఇక్కడొకటి ఉండాలి. ఇక్కడ తొమ్మిదే ఉన్నాయి. ఒకే వరుసలో, గుమ్మం నుంచి ఎదుటి మూలకు ఉన్నాయి. ఇది ఎందుకైందో చెప్పగలరా?

ప్రియకు, సురేందర్ బావకు నమస్తే.

మీ అఫ్జల్

భూపాలపల్లి,
22 జూలై 2011

చిరంజీవి అఫ్జల్‌కు బాలనర్సయ్య దీవెనలు.

ఉత్తరం అందింది. ఇక్కడా వానలే. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో నీళ్ళు నిలిచి సురేందర్‌కు రెండు రోజులు పని లేదు.

ఆ బిళ్లలు పీకకు. వాటిలో రాతినార, అదే ఆస్బెస్టాస్, కలిపి ఉంటుంది. మాకు అప్పుడు తెలియదు. విరిచి, గీకి, ఆ పొడి పీల్చాం. మీ అబ్బా చివరి మూడేళ్ళు దగ్గిన దగ్గు నువ్వు చూశావు. నా దగ్గు ఇప్పుడు ప్రియ చూస్తోంది. ఇక్కడ దవాఖానలో డాక్టరు ఛాతీ ఫోటో తీసి, “ముసలాయనా, ఏం పని చేసినవ్?” అని కాగితం మీద రాసి అడిగాడు. ఆ బిళ్ల కదలకుండా ఉన్నంతసేపు ఏమీ కాదు. విరిస్తేనే ప్రమాదం.

సోడాతో కడిగి జిడ్డు తీయి. ఇసుక కాగితం పెట్టి రుద్దకు, పొడి చీపురు పెట్టకు, తడిగుడ్డతో తుడువు. పైన జిగురు ముద్ద పరిచి కొత్త టైల్స్ దాని మీదే వెయ్యి. గుమ్మం దగ్గర అర అంగుళం ఎత్తు పెరుగుతుంది, తలుపు కింద కోయించు. గుల్లగా ఉన్నవాటి అంచుల్లో జిగురు పోసి బరువు పెట్టు. వాటినీ ఎత్తవద్దు.

వరుస సంగతి అడిగావు. జిగురు తడిగా ఉన్నప్పుడు కుక్క ఒకటి నడిచింది. అంతకంటే ఏమీ లేదు.

చిలుకమ్మ ఇంకా అక్కడే ఉందా? నేను ఎక్కడ ఉన్నానో ఆమెకు చెప్పవద్దు.

బాలనర్సయ్య

జనగామ,
3 ఆగస్టు 2011

కాకాకు సలాం.

నిన్నటి నుంచి రంజాన్ రోజాలు మొదలయ్యాయి. ఉమ్మి కూడా మింగకుండా పని చేస్తున్నాను కాబట్టి దుమ్ము సంగతి మీరు చెప్పినట్టే పాటిస్తున్నాను. గది కడగడం అయింది. కొత్త టైల్స్ లారీ ఇంకా రాలేదు.

కాకా, కుక్కకు నాలుగు కాళ్ళుంటాయి. ఈ తొమ్మిదీ కొలిచి చూశాను. రెండున్నర అడుగులకొకటి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. అది మనిషి నడక. తొమ్మిదింటి నడుమ ఇంకో రెండు గీతలున్నాయి. అక్కడ పూర్తి గుల్ల కాదు, మొద్దుగా మోగుతుంది. మూల నుంచి గుమ్మం దాకా, రైలు పట్టాల్లా పక్కపక్కన.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. పగలు నాలుగు గంటల ప్రాంతంలో ఆ గదిలో చప్పుడు వస్తుంది. టక్కుమని ఒకటి, ఆగి ఇంకొకటి. గుమ్మం నుంచి లోపలికి తొమ్మిది. ఆ తర్వాత ఎవరో నిండు సంచి ఈడ్చినట్టు ఒక చప్పుడు. మొదటి రోజు నేను వెనక్కి తిరిగి “ఎవరు?” అన్నాను. గుమ్మం పడమటికి ఉంది. పొద్దు వాలేటప్పుడు ఎండ లోపలికి పాకుతుంది, వేడికి వదులు బిళ్లలు ఒకటొకటిగా లేస్తాయి అని సర్దిచెప్పుకున్నాను. మొన్న పొద్దంతా మబ్బే. నాలుగింటికి చప్పుడు వచ్చింది.

చిలుకమ్మ ఆ వేళకు చాయ గ్లాసు పట్టుకుని గడప మీద కూర్చుంటుంది. నన్ను చూసి నవ్వింది.

“బుగులైతుందా? తాళమేసి ఉన్నప్పుడు గూడ బయట కూసోని ఇనేదాన్ని. నాకైతె మనిషి తోడున్నట్టనిపిస్తది.”

“ఎవరవ్వా?”

“ఎవలో ఏమొ. ఒస్తరు, పోరు.”

ఆమె కథ మీకు తెలిసే ఉంటుంది. తమ్ముడు కట్టయ్య, పద్దెనిమిదేళ్ళవాడు. అప్పటి తెలంగాణ ఉద్యమంలో తిరిగాడట. అరవై తొమ్మిది జూన్‌లో ఒక సాయంత్రం నుంచి కనపడలేదు. “నువ్వు ఈడనే ఉండు, మల్లొస్త” అని కబురు చేసి పోయాడట. అందుకని ఆమె భర్త ఊరికి కాపురానికి పోలేదు. భర్తే వచ్చి ఈ పాకలో ఉండి, ఇక్కడే చనిపోయాడు. కూతురు తొర్రూరులో ఉంది. ప్రతి నెలా వచ్చి పిలుస్తుంది. ఈమె కదలదు. షోరూం తెరిచేలోపు పాక తీసేస్తానని సేటు మనవడు చెప్పాడు. “బుల్డోజర్ తెమ్మను, బిడ్డా. మా తమ్ముడొచ్చి అడిగితే నువ్వు చెప్తవా నేనేడున్ననో?” అని నన్ను అడిగింది.

కబురు ఎవరు తెచ్చారని అడిగితే “యాదికి లేదు” అంది. కానీ మీరు ఎలా ఉన్నారని రెండుసార్లు అడిగింది. మీ ఊరు చెప్పలేదు.

అఫ్జల్

భూపాలపల్లి,
11 ఆగస్టు 2011

అఫ్జల్‌కు.

లారీ కోసం చూడకు. తొర్రూరులో గానీ కేసముద్రంలో గానీ దొరికిన టైల్స్ తెచ్చి ఈ వారమే కప్పెయ్యి. నేల మీద పని చేసేవాడు నేల కింద ఏముందని అడగకూడదు. మీ అబ్బా నీకు ఇది నేర్పలేదా?

మబ్బు రోజు కూడా నాలుగింటికేనా? జవాబు రాయవద్దు.

చిలుకమ్మ కూతురికి చెప్పి, బలవంతంగానైనా తీసుకుపొమ్మను.

బాలనర్సయ్య

మహబూబాబాద్,
2 సెప్టెంబరు 2011

కాకాకు సలాం. మొన్న పండుగకు ఇంటికి వచ్చాను. గజాలా, పిల్లలు బాగున్నారు. అమ్మీ మోకాళ్ళ నొప్పులతో లేవలేకపోతోంది.

మీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. అందుకే మూడు వారాలు రాయలేదు. నాకు తాపీ పట్టడం నేర్పింది అబ్బా. కింద ఏముందో చూడకుండా పైన ఏదీ వేయొద్దని నేర్పాడు.

షీర్ ఖుర్మా తాగుతూ అమ్మీని అడిగాను. అమ్మీ సంగతి మీకు తెలుసు, చోటీ బీ అని పిలిస్తే పలికేది, అదనంగా ఒక మాట మాట్లాడేది కాదు. ఈసారి చెప్పింది. జనగామ పని నుంచి అబ్బా వచ్చిన రోజు అరచేతులు నల్లగా ఉన్నాయట. పెరట్లో కూర్చుని కిరసనాయిలుతో రుద్దాడట. నలుపు పోయాక కూడా రుద్దాడట, నెత్తురు వచ్చేదాకా. ఆ నెలలో రెండుసార్లు వరంగల్ జైలు దగ్గరికి పోయి వచ్చాడట.

“ఎవలి కోసం పోయినవంటె చెప్పలే. గా పని తర్వాత ఆయన, బాలనర్సు ఒక్క డబ్బాల తినుడు బంద్ జేసిండ్రు. ఏమైందని నేను అడుగలే. నువ్వు గూడ అడుగకు” అంది అమ్మీ.

నేను అడుగుతున్నాను కాకా. కొత్త టైల్స్ జనగామకు చేరాయి. సోమవారం నుంచి పని మొదలుపెట్టాలి. ఆ గదిలో ఎవరు నడిచారు? చెప్పకపోతే నేను బిళ్ల ఎత్తుతాను.

అఫ్జల్

భూపాలపల్లి,
12 సెప్టెంబరు 2011

చిరంజీవి అఫ్జల్‌కు దీవెనలు.

రేపటి నుంచి సకల జనుల సమ్మె. బొగ్గు బాయిలు బంద్. సురేందర్ జెండా కర్రలు చెక్కుతున్నాడు. ఇంట్లో ఎవరూ నా వైపు చూడని రోజు కాబట్టి రాస్తున్నాను.

నడిచింది కట్టయ్య. స్టేషనులో రైలు ఆపారని పోలీసులు తరిమితే మిల్లులోకి దూకాడు. మేము గదికి జిగురు పూసి ఉంచాం. దాని మీది నుంచే పరుగెత్తి మూలన బిళ్లల పెట్టెల వెనక దాక్కున్నాడు. పోలీసులు గుమ్మం దాకా వచ్చి, మీ అబ్బా ఎవరూ రాలేదంటే వెళ్ళిపోయారు. చీకటి పడకముందే అతను వెనక గోడ దూకి పోయాడు. తర్వాత ఎటు పోయాడో మాకు తెలియదు. పోలీసులు మళ్ళీ వస్తారని భయపడి ఎవరికీ చెప్పలేదు. ఇంతే.

కావాలంటే ఆమెకు ఈ మాట చెప్పు. తమ్ముడు ఆ గదిలోకి వచ్చాడని, క్షేమంగా బయటపడ్డాడని. ఇక ఎత్తవలసిన పని లేదు.

బాలనర్సయ్య

జనగామ,
24 సెప్టెంబరు 2011

కాకాకు.

ఇవాళ రైల్‌రోకో. స్టేషనులో పట్టాల మీదే వంట చేస్తున్నారు. బస్సులు ఆగి అయిదు రోజులైంది. మీ ఉత్తరం తొమ్మిది రోజులకు వచ్చింది.

మీరు చెప్పమన్న మాట చిలుకమ్మకు చెప్పాను. ఆమె చీపురు పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, “గా అడుగులు బిళ్లల కింద ఉంటయా?” అని అడిగింది. ఉంటాయన్నాను. “ఒక్కపారి సూపియ్యి” అంది. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవలసింది కాదు.

మీరు రాసిన జాగ్రత్తలన్నీ పాటించాను. ముక్కుకు తడి రుమాలు కట్టుకున్నాను. బిళ్లల చుట్టూ నీళ్ళు పోసి గంటసేపు నాననిచ్చాను. సన్నటి పట్టీ దూర్చి తొమ్మిదింటినీ ఒక్కటి విరగకుండా ఎత్తాను. ప్రతి దాని కింద ఒక పాదం ఉంది. వేళ్ళు అయిదూ లెక్కపెట్టవచ్చు. మడమ దగ్గర జిగురు లాగినట్టు లేచి ఉంది. నలభై రెండేళ్ళ కిందటి పాదం అని అనిపించలేదు. వేలు పెట్టి చూస్తే నాకు మెత్తగా అనిపించింది. నీళ్ళ వల్ల కావచ్చు.

మూడో బిళ్ల పక్కన బూటు మడమ అంచు కనపడింది. అప్పుడు నడుమ ఉన్నవి కూడా ఎత్తాను. బూట్లు ఉన్నాయి కాకా. లోపలికి పోయినవి, బయటికి వచ్చినవి. వట్టి పాదాలు బయటికి వచ్చినవి ఒక్కటి కూడా లేవు. ఆ రెండు గీతలు మడమలు ఈడ్చినవి. మూల నుంచి గుమ్మం దాకా తెగకుండా ఉన్నాయి. ఒకచోట పక్కన అరచేయి పడింది, వేళ్ళు విప్పి ఉన్నాయి.

అతను గోడ దూకలేదు.

అప్పటికి నాలుగు కావస్తోంది. బిళ్లలన్నీ బయట గోడకు ఆనించి ఉన్నాయి కాబట్టి టక్కులు రాలేదు. ఈడ్చిన చప్పుడు మాత్రం వచ్చింది. నేను గీతల పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాను. అది నన్ను దాటి గుమ్మం వైపు పోయింది. గదిలో నేనొక్కణ్ణే.

చిలుకమ్మ బయట నిలబడి, “అయిందా బిడ్డా, రావచ్చునా?” అంటోంది. నేను పట్టా పరిచి, “జిగురు వాసన అవ్వా, రెండు రోజులు ఆగు” అన్నాను. ఆమె తలుపు దగ్గర నుంచి కదల్లేదు. నేను కూడా మీలాగే కప్పిపెట్టానని బసకు పోతుంటే తెలిసింది.

సేటు మనవడు రోజూ అరుస్తున్నాడు. ఆమెకు ఏం చెప్పాలి? గీతలు చెరిపేసి అడుగులు మాత్రం చూపించాలా? తాపీ నా చేతిలోనే ఉంది. మీరు రాసేదాకా పని ఆపాను.

అఫ్జల్

భూపాలపల్లి,
29 సెప్టెంబరు 2011

అఫ్జల్‌కు.

చెరపకు.

ఆ రోజు ఎండ ఎక్కువ. గది చదును చేసేసరికి రెండు దాటింది. మీ అబ్బా, “నర్సూ, పొడువున సగమే పుయ్యి. నడిచెటందుకు సగం పొడిగ ఉండాలె. తిన్నంక మిగిలింది పూద్దాం” అన్నాడు. ఆయన ఎప్పుడూ అలాగే చేసేవాడు. నాకు సాయంత్రం సినిమాకు పోవాలని ఉంది. ఆయన చేతులు కడుక్కోవడానికి బావి దగ్గరికి పోగానే గది మొత్తం పూసేశాను. వచ్చి చూసి తిట్టాడు. వరండాలో కూర్చుని డబ్బా విప్పాం.

కట్టయ్య మా మీది నుంచే దూకి లోపలికి పోయాడు. “అన్నా, జర సప్పుడు జెయ్యకుండ్రి” అన్నాడు. జిగురు అప్పటికి సగం ఆరింది. కాలు పెడితే పట్టుకుంటుంది. ప్రతి అడుగూ పీక్కుంటూ పోయి పెట్టెల వెనక కూర్చున్నాడు. అడుగులు కళ్ళకు కొట్టినట్టు కనపడుతున్నాయి. గుమ్మం దగ్గరి దాన్ని తాపీతో రుద్దాను. సగం ఆరిన జిగురు మూసుకోదు, నీకు తెలుసు. మీ అబ్బా గుమ్మం నుంచి బిళ్లలు పెట్టడం మొదలుపెట్టాడు. ఆయన చేతులు అంత వేగంగా ఆడటం నేను ఎన్నడూ చూడలేదు. రెండు వరుసలు పడ్డాయి. నలుగురు వచ్చారు.

మీ అబ్బా, “ఇటెవ్వలు రాలే సాబ్” అన్నాడు. వాళ్ళలో ఒకడు నేల చూశాడు. మమ్మల్ని ఏమీ అడగలేదు. నేలే చెప్పేసింది. నేను సగం పొడిగా వదిలి ఉంటే అతను ఆ పక్క నుంచి పోయేవాడు, పొడి గచ్చు మీద ఏమీ పడేది కాదు.

చంకలు పట్టి, మేము పెట్టిన రెండు వరుసలూ చెదరగొడుతూ ఈడ్చుకుపోయారు. కట్టయ్య నోరు తెరవలేదు. ఒక్క మాట కూడా అనలేదు, ఎవరినీ పిలవలేదు. నన్ను చూస్తూ పోయాడు. నాలుగు గంటలు. ఆఫీసు గడియారం కొట్టింది.

మిల్లు లెక్కలు చూసే మునీము వచ్చి, పొద్దుగూకేలోపు నేల కప్పాలి, మీరు ఏమీ చూడలేదు అన్నాడు. కప్పాం.

ఆరింటికి చిలుకమ్మ మిల్లులోనే పత్తి గింజలు తీసే జిన్నింగు పని నుంచి వచ్చింది. తల నిండా దూది. “మా తమ్ముడు ఇటొచ్చిండా?” అంది. మీ అబ్బా ముఖం తిప్పుకున్నాడు. నేను చెప్పాను. “గోడ దునికి పోయిండక్కా. బొంబాయి రైలెక్కుతడట. నిన్ను ఈడనే ఉండుమన్నడు, మల్లొస్తనన్నడు.”

ఆ కబురు నాది. కట్టయ్యది కాదు.

ఆ సాయంత్రం ఆమె ఏడవకుండా పోతే చాలనుకున్నాను. వారం రోజుల్లో జైలు నుంచి వదిలితే అతనే వస్తాడు, నా మాట సర్దుకుంటుంది అనుకున్నాను. మీ అబ్బా జైలు దగ్గర అడిగి వచ్చాడు, ఆ పేరు లేదన్నారు. తర్వాత ఆమెకు చెప్పుదామని నాలుగుసార్లు జనగామ వచ్చాను. నాలుగుసార్లూ ఆమె పాక ముందర అలికి ముగ్గు వేసి ఉంది. తిరిగిపోయాను.

దీన్ని ఆమెకు చదివి వినిపించవద్దు. ఆమెకు నేను చెప్పాలి. వచ్చే మంగళవారం సురేందర్ బండి మీద వస్తాను. సమ్మె కాబట్టి వాడు ఖాళీ. రేగొండ మీదుగా పోతే ఎవరూ ఆపరు అంటున్నాడు. అప్పటిదాకా ఆ పట్టా తీయకు.

బాలనర్సయ్య

జనగామ,
20 అక్టోబరు 2011

బాలనర్సయ్య కాకాకు సలాం.

ఎండలు మళ్ళీ ముదిరాయి. పని నిన్నటితో అయిపోయింది. సేటు మనవడు దీపావళికి తెరుస్తాడు. సామాను మూట కట్టి ఇది రాస్తున్నాను.

దసరా ముందటి మంగళవారం మీరు బండి ఎక్కుతూ “ఏమన్నది? ఆమె ఏమన్నది?” అని నన్ను అడిగారు. నేను చేయి ఊపి పంపించాను. మీ చెవి దగ్గర అరిచి చెప్పే మాటలు కావవి. పక్కనే సురేందర్ బావ ఉన్నాడు, రోడ్డు మీద బతుకమ్మ ఆడుతున్నారు. రాస్తున్నాను.

మీరు గడప అవతల నిలబడి మొత్తం చెప్పారు. ఆ కబురు మీదేనని కూడా చెప్పారు. ఆమె మీ కాళ్ళ వైపు చూస్తూ వింది. తర్వాత మొదట అన్న మాట ఇది:

“గా కబురు నువ్వన్న మాటనా నర్సూ? వాడు అనలేదా?”

మీకు వినపడలేదు. చేతులు జోడించి నిలబడ్డారు.

“మా ఆయన ఎన్నిమాట్ల బతిలాడిండు ఊరికి పోదామని. ఆయనను గూడ గీ రేకుల కిందనే సంపుకున్న. గీ ఒక్క మాట మీద.”

కోపంగా అనలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. తర్వాత లోపలికి పోయి గీతల పక్కన కూర్చుంది. ఒక పాదాన్ని జానతో కొలిచింది. జాన మీద రెండు వేళ్ళు. “గింత పొడుగు కాలు లేకుండెనే” అని తనలో తను అనుకుంది. తల ఎత్తి మిమ్మల్ని అడిగింది.

“ఈడ్సుకపోయేటప్పుడు అక్కా అన్నడా? నన్ను పిలిచిండా?”

మీరు తల ఊపారు.

మీకు అది వినపడలేదని నాకు తెలుసు. ఆమె ఏది అన్నా మీరు తల ఊపుతూనే ఉన్నారు. అతను నోరు తెరవలేదని మీ ఉత్తరంలో ఉంది. ఆ ఉత్తరం అప్పుడు నా జేబులోనే ఉంది. చిలుకమ్మ నా వైపు చూసింది. నేను పట్టా మడత పెడుతూ ఉన్నాను. ఏమీ అనలేదు. ఇక ముందు కూడా అనను. మీరు కూడా ఈ సంగతి మీద ఏమీ రాయకండి.

మీరు పోయిన మర్నాడు ఆమె, “ఇగ కప్పు” అంది. ఎత్తిన బిళ్లలన్నీ వాటి చోట్లలోనే తిరిగి పెట్టాను. గీతల్లో జిగురు నింపలేదు. మీరు చెప్పినట్టు పాతవాటి మీదే కొత్తవి వేశాను. గుమ్మం దగ్గర అర అంగుళం ఎత్తు పెరిగింది, తలుపు కింద కోయించాను.

మిగిలిన రోజులు ఆమె పాకలోనే ఉంది. సాయంత్రాలు గడప దగ్గరికి రాలేదు. పాక ముందర ముగ్గు వేయలేదు. బస్సులు మళ్ళీ తిరుగుతున్నాయని తెలిసి కూతురికి ఫోను చేయమంది. నేనే చేశాను. కూతురు నమ్మలేదు, ఆమెతో మాట్లాడించమంది. ఈమె ఫోను తీసుకుని, “ఆ, నేనే. ఒస్తున్న. మంచం ఖాళీ చెయ్యి” అని ఇచ్చేసింది. నిన్న ఒక ట్రంకు పెట్టె, రెండు గిన్నెలు, ఒక గొంగడి తీసుకుంది. పెట్టె నేనే మోసుకుపోయి ఎక్కించాను. ఎవరికీ ఏ కబురూ చెప్పలేదు. రేకులు ఇవాళ విప్పారు.

చిలుకమ్మ బుధవారం పొద్దున ఆరున్నర తొర్రూరు బస్సుకు పోయింది.

అఫ్జల్